సాఫ్ట్‌వేరులో తొలి కొలువు

పట్టము చేతికి వచ్చిన దినమునకును, మొదటి జీతము చేతికి వచ్చిన దినమునకును నడుమ ఒక కాలమున్నది. ఆ కాలమును గురించి మన ఇండ్లలో ఎక్కువగా మాటలాడరు. చుట్టములు వచ్చి "అబ్బాయి ఏం చేస్తున్నాడు?" అని అడిగినచో, తల్లి "హైదరాబాదులో ఉన్నాడు" అని మాత్రము చెప్పి మంచినీళ్ళు తెచ్చుటకు లోపలికి పోవును. హైదరాబాదులో ఉండుట ఉద్యోగము కాదని అడిగినవారికి తెలియును, చెప్పినవారికిని తెలియును. నేటి మా ప్రసంగము ఆ కాలమును గురించినది. సాఫ్ట్‌వేరు రంగమున మొదటి ఉద్యోగమునకై మేము తిరిగిన పదునొకండు నెలలలో మాకెదురైన ప్రశ్నలను, మేము చెప్పిన తప్పు జవాబులను, ఎట్టకేలకు పనికివచ్చిన ఒక జవాబును శ్రోతల ముందుంచెదము. నేడు మేము అదే బల్లకు ఆవలి ప్రక్కన కూర్చుండి ప్రశ్నలడుగుచున్నాము. కనుక రెండు ప్రక్కలను చూచినవారి మాటగా దీనిని వినగోరుచున్నాము.

మేము ఇంజనీరింగు పూర్తిచేసినది 2009లో. అది మంచి సంవత్సరము కాదు. అంతకు ముందటి యేడు సెప్టెంబరు 15వ తేదీన అమెరికాలో లేమన్ బ్రదర్స్ అను పెద్ద బ్యాంకు దివాలా తీసెను. 2009 జనవరి 7వ తేదీన మన హైదరాబాదునందే ఒక గొప్ప సాఫ్ట్‌వేరు సంస్థ అధిపతి, తమ లెక్కలు కొన్ని సంవత్సరములుగా అబద్ధపు లెక్కలని తానే లేఖ వ్రాసి ఒప్పుకొనెను. ఎక్కడనో అమెరికాలో బ్యాంకు మూతపడినచో ఒంగోలు పిల్లవానికి ఉద్యోగము రాకపోవుట యేమి అని ఆనాడు మా తండ్రిగారు అడిగిరి. మన నగరములలో వ్రాయబడు ప్రోగ్రాములలో పెద్దభాగము పరదేశపు బ్యాంకులకు, బీమా సంస్థలకు, వర్తకులకు వ్రాయబడునవి. అచ్చట ఆసామి చేతులు ముడుచుకొన్నచో ఇచ్చట కూలి నిలిచిపోవును. ఈ మాట చెప్పినంతనే ఆయనకు అర్థమైనది. ఆయన వ్యవసాయపు మోటార్లకు వైండింగు చేయు పనివారు. వానలు పడక బోర్లు ఎండిన యేడు తమ దుకాణము ఎట్లుండునో ఆయనకు తెలియును.

కళాశాలకు వచ్చి విద్యార్థులను ఎంపికచేసికొని పోవలసిన సంస్థలు ఆ యేడు మా కళాశాలకు రాలేదు. కనుక జూన్ నెలలో మేము ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట పట్టుకొని అమీర్‌పేట చేరితిమి. ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టలు గదిలో మూడు మంచములు. ఒకటి మాది, రెండవది కరీంనగరు ప్రాంతపు మిత్రునిది, మూడవది శ్రీకాకుళపు మిత్రునిది. మైత్రీవనము చుట్టుప్రక్కల సందులలో గోడ కనబడకుండ బోర్డులుండెడివి. తెల్లవారి ఏడు గంటలకే తరగతులు మొదలగును. జావా తరగతికి మేము రెండువేల రూపాయలు కట్టితిమి. రెండువందలమంది ఇరుకుగా కూర్చుండి వినెడివారము. వెనుకకు చేరినవానికి గురువుగారి గొంతే గాని బోర్డు కనబడదు. ఆ గురువులు అసత్యము చెప్పువారు కారు. పాఠము చక్కగా చెప్పిరి. కాని బయట జిరాక్సు దుకాణములలో అమ్ము "ఇంటర్వ్యూ ప్రశ్నలు – జవాబులు" అను కట్టల మీదనే మా గురి ఎక్కువగా ఉండెను. మూడువందల ప్రశ్నలు, మూడువందల జవాబులు. ఎక్కాలు వల్లించినట్లు రాత్రులు మేము ముగ్గురమును వానిని వల్లించితిమి.

ఈ పరీక్ష ఎట్లుండునో తెలియని తల్లిదండ్రుల కొరకు ఒకింత వివరించెదము. మొదటిది వ్రాతపరీక్ష. ఎదురెదురుగా వచ్చు రైళ్ళు, ఏటికి ఎదురుపోవు పడవలు, తండ్రీకొడుకుల వయస్సులు మొదలైన లెక్కలు, కొంత ఆంగ్లము ఇందులో ఉండును. వేలమందిని వందలమందిగా వడపోయుటయే దీని ప్రయోజనము. రెండవది ప్రోగ్రాము వ్రాయు పరీక్ష. "1 నుండి 100 వరకు అంకెలు వరుసగా చూపుము, 3చే భాగింపబడు సంఖ్యకు బదులు ఒక మాటను, 5చే భాగింపబడు సంఖ్యకు బదులు వేరొక మాటను, రెంటిచేతను భాగింపబడుదానికి రెండు మాటలను చూపుము" అనునది వాడుకలో నున్న ప్రశ్న. వినుటకు బాలశిక్షలోని లెక్కవలె నుండును. కాని 15 వద్ద పలువురు తడబడుదురు. 3 సంగతి మొదట చూచి తృప్తిపడినవాడు 15కును ఒక్క మాటయే వేసి ముందుకు పోవును. మూడవది ముఖాముఖి పరీక్ష. పని తెలిసినవారు ఒకరిద్దరు కూర్చుండి గంటసేపు ప్రశ్నింతురు. నాలుగవది సిబ్బంది వ్యవహారములు చూచువారితో మాటామంతి; జీతము, చేరు తేదీ, ఒప్పందపు షరతులు అక్కడ తేలును. ఈ నాలుగింటిలో మూడవదియే అసలైనది. మేము ఓడినవన్నియు అక్కడనే ఓడితిమి.

ఒక ఓటమిని చెప్పెదము. అది మాకు ఐదవ ఇంటర్వ్యూ. అకారాది క్రమమున అమర్చిన పేర్లలో ఒక పేరును వెదకు ప్రోగ్రామును వ్రాయుమనిరి. మా కట్టలో అది పదునేడవ ప్రశ్న. నిఘంటువులో మాట వెదకువాడు మొదటి పుట నుండి చదువుకొనుచు రాడు కదా. నడుమకు తెరచును, తన మాట ముందున్నదో వెనుకనున్నదో చూచి, అక్కరలేని సగమును విడిచిపెట్టును, మిగిలిన సగమును మరల నడుమకు తెరచును. వేయి పుటల నిఘంటువైనను పది మారులలో పుట దొరకును. పది లక్షల పేర్లున్నను ఇరువది మారులు చాలును. ఈ ప్రోగ్రామును మేము రెండు నిమిషములలో వ్రాసి కలము క్రింద పెట్టితిమి. ఆయన కాగితము చూచి, "జాబితాలో ఒక్క పేరును లేనిచో మీ ప్రోగ్రాము ఏమి చేయును?" అని అడిగెను. మా కట్టలో ఆ ప్రశ్న లేదు. "ఇక్కడ ఒకటి కలిపితిరి, ఎందుకు?" అని మరల అడిగెను. "అట్లే వ్రాయుదురండీ" అంటిమి. ఆయన కసరుకొనలేదు, నవ్వలేదు. "మేము తెలియజేసెదము" అనెను. ఆ మాటకు అర్థము అప్పటికే మాకు బాగుగా తెలియును.

ఆ ప్రోగ్రామును గురించి తరువాత మాకు తెలిసిన సంగతి ఒకటి ఇక్కడ చెప్పక తప్పదు. ఇంత చిన్న ప్రోగ్రామును పండితులు సైతము సరిగా వ్రాయలేకపోయిరి. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున జాన్ బెంట్లీ అను ఆచార్యుడు, క్రొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులచే మొదటి పాఠముననే దీనిని వ్రాయించి, ఒకరి వ్రాతను ఎల్లర ఎదుట విప్పి చూపెను. అది తప్పు; తక్కినవారివియు చాలవరకు తప్పులే. ఆ తరగతిలో కూర్చుండిన జాషువా బ్లాక్ అను నాయన, తరువాత కాలమున జావా భాషతోపాటు అందరికిని అందజేయబడు సిద్ధప్రోగ్రాముల భాండారమునకై దీనిని తానే వ్రాసెను. అందులోను ఒక తప్పు దాగియుండెను. ఇంచుమించు తొమ్మిదేండ్లు అది ఎవరికిని కనబడలేదు. రెండు హద్దులను కలిపి సగము చేయునపుడు ఆ మొత్తము 214,74,83,647ను దాటినచో, జావా తన సాధారణ పూర్ణాంకములో దానిని పట్టించుకొనలేక ఋణసంఖ్యగా మార్చివేయును. పేర్లు నూటయేడు కోట్లకు మించిననాడు గాని ఈ ప్రమాదము రాదు. అందుచేతనే అన్నాళ్ళు బయటపడలేదు. హద్దులను కూడుటకు మారుగా, క్రింది హద్దునకు రెండింటి నడిమి దూరములో సగమును కలిపినచో చాలును. 2006 జూన్ నెలలో బ్లాక్ ఈ తప్పును వివరించుచు, తాను వ్రాసినదానిలోను అది యుండెనని బాహాటముగా ప్రకటించెను. దానివలన ఆయన పేరు తగ్గలేదు. ఈ సంగతి మాకు ఆ ఐదవ ఇంటర్వ్యూ నాటికి తెలిసియుండినచో "అట్లే వ్రాయుదురండీ" అని అనియుండకపోదుము.

నెలలు గడచుచుండెను. ఇంటినుండి మూడువేల రూపాయలు వచ్చుచుండెను. డిసెంబరు నాటికి మా గదిలో ఒక క్రొత్త మాట మొదలయ్యెను. అది దొంగ అనుభవపు మాట. క్రొత్తవారిని తీసికొను సంస్థలు లేవు. మూడేండ్ల అనుభవమున్నవారిని తీసికొనువారు కొందరున్నారు. ఆ మూడేండ్లను అమ్మువారును అమీర్‌పేటలో ఉండిరి. నలువదివేల రూపాయలు ఇచ్చినచో నియామకపు ఉత్తరువు, జీతపు చీటీలు, విడుదల పత్రము, ఫోను చేసి అడిగినచో "ఔను, మావద్ద పనిచేసినాడు" అని చెప్పు గొంతు ఒకటి, అన్నియు దొరకును. కరీంనగరు మిత్రుడు మా ముగ్గురిలో మిన్న. మేము వల్లించినదానిని అతడు అర్థముచేసికొనెడివాడు. కాని ఫిబ్రవరిలో అతని చెల్లెలి పెండ్లి. పెండ్లికి చేసిన అప్పునకు అతని జీతమే పూచీ. అతడు సొమ్ము కట్టెను. తరువాత పదునైదు దినములు అతడు చదివినది జావా కాదు. తాను ఎన్నడును చూడని బెంగుళూరు ఆఫీసులో భోజనపు గది ఏ అంతస్తులో నున్నదో, తన పై అధికారి పేరేమో, తాను ఏ కారణమున రాజీనామా ఇచ్చెనో కంఠస్థము చేసెను. జనవరిలో అతనికి ఉద్యోగము వచ్చెను. ఆ రాత్రి మా ఇద్దరకును బిర్యానీ పెట్టించెను. తాను మాత్రము సరిగా తినలేదు.

మాకును మనస్సు కదలెను. కదలలేదనుట అబద్ధము. సంక్రాంతికి ఊరు వెళ్ళి, ఒక సర్టిఫికెట్టునకు నలువదివేలు కావలెనని తండ్రిగారిని అడిగితిమి. తీగ చుట్టు క్రొత్త యంత్రమునకై దాచిన సొమ్ము ఆయనవద్ద ఉండెను. బీరువా తెరచి, కట్ట తీసి, లెక్కపెట్టుచు అడిగిరి: "ఏం సర్టిఫికెట్టురా?"

మేము చెప్పితిమి. ఆయన కోపపడలేదు. లెక్కపెట్టుట మాత్రము ఆపిరి. "మూడేళ్ళు పనిచేసినట్లు కాగితం ఇస్తారు, సరే. మరి ఆ మూడేళ్ళ పని ఎవరు చేస్తారు?" అనిరి. మావద్ద జవాబు లేదు. కొంతసేపటికి ఆయనయే, "సొమ్ము ఇక్కడే ఉంటుంది. రేపు అడిగినా ఇస్తాను. ఈ నాలుగు రోజులు దుకాణంలో కూర్చో" అనిరి.

నాలుగు దినములు నాలుగు వారములైనవి. ఆ దుకాణములో రెండు పనులు చూచితిమి. మొదటిది, ఆయన తప్పును వెదకు తీరు. మోటారు కాలినదని రైతు చెప్పినను ఆయన వెంటనే విప్పరు. చేనివద్దకు పోయి, స్టార్టరు నుండి బోరు వరకు పోవు తీగకు నడుమనున్న అతుకు వద్ద మొదట కరెంటు చూతురు. అక్కడ ఉన్నచో లోపము ఆవలి సగములో. లేనిచో ఈవలి సగములో. నిఘంటువును నడుమకు తెరచుట అదియే గదా. మేము కట్టలో పదునేడవ ప్రశ్నగా వల్లించిన విద్యను ఆయన చేలగట్లమీద ముప్పదేండ్లుగా నడిపించుచుండిరి. అంతకంటె ముఖ్యముగా, విప్పి చూడకముందు "ఇదే లోపం" అని ఆయన ఎన్నడును చెప్పలేదు. "తెలియదు, చూద్దాం" అనెడివారు. ఆ మాట విని ఒక్క రైతును మోటారు వెనుకకు తీసికొనిపోలేదు.

రెండవది, ఆయన లెక్కపుస్తకము. రైతు పేరు, ఊరు, మోటారు ఎన్ని గుర్రముల బలము, తీగ ఎంత లావు, చుట్లెన్ని, తేదీ, కూలి, ముట్టినది, బాకీ. చుట్ల సంఖ్య వ్రాసియుంచుట ఎందుకనగా, అదే రకపు మోటారు మరల వచ్చినపుడు కాలిన తీగను విప్పి లెక్కపెట్టు శ్రమ తప్పును. కాని పాత పుటలలో దానిని వెదకుటకు అరగంట పట్టుచుండెను. ఇంటిలో మా పాత కంప్యూటరు ఉండెను. ఈ పుస్తకమునకు ఒక ప్రోగ్రాము వ్రాయుదమని కూర్చుంటిమి. నాలుగు వారములలో పూర్తియైనది. వల్లించి వ్రాసినది కాక, అవసరము కొలది వ్రాసిన మొదటి ప్రోగ్రాము అదియే. తండ్రిగారు మెచ్చుకొని రెండు వారములు వాడిరి. ఆ మీదట మరల పుస్తకమే తీసిరి. నలువదివేలు మేము మరల అడుగలేదు.

మే నెల వచ్చెను. మాధాపురమున ఒక చిన్న సంస్థ, నలువదిమంది పనివారు. 1998లో తెరచిన సైబర్ టవర్స్ అను గుండ్రని మేడ ఆ కిటికీలోనుండి కనబడుచుండెను. మమ్ము ప్రశ్నించినవారు ఇద్దరు: నడివయస్సు దాటిన ఒక అమ్మగారు, ఒక యువకుడు. మాటలు ఆంగ్లమున నడచినవి, తెనుగున చెప్పుచున్నాము. అమ్మగారు మా పరిచయపత్రము చదివి, "మోటారు వైండింగు లెక్కల ప్రోగ్రాము అని వ్రాసినారు. ఎవరికొరకు?" అని అడిగిరి.

"మా తండ్రిగారి దుకాణము కొరకండీ."

"ఆయన ఇప్పుడు వాడుచున్నారా?"

ఇట్టిచోట "ఔను" అనవలెనని మాకు జిరాక్సు కట్టలు నేర్పినవి. "వినియోగదారులు మిగుల సంతృప్తిపడిరి" అని చేర్చవలెనని కూడ నేర్పినవి. మేము ఒక క్షణము ఆగి, "లేదండీ. రెండు వారములు వాడి మానివేసిరి" అంటిమి.

ఆమె కలము క్రింద పెట్టి, "ఎందుకు?" అనిరి.

మేము జరిగినది చెప్పితిమి. మా ఊరి ప్రక్కన చెరువుక్రింది సుబ్బయ్య ఉన్నాడు. దిబ్బమీది సుబ్బయ్య ఉన్నాడు. ఇంటిపేరును ఒకటియే. మా ప్రోగ్రాము పేరునుబట్టి మనిషిని గుర్తించును. కనుక ఇద్దరి బాకీలను కలిపి ఒకరి పద్దున వేసెను. దిబ్బమీది సుబ్బయ్య తాను పడని బాకీ వినుటకు దుకాణము వద్దకు వచ్చి పెద్దగా కేకలు వేసెను. తండ్రిగారు అతనికి టీ తెప్పించి, పుస్తకము తీసిరి.

యువకుడు నవ్వెను. అమ్మగారు నవ్వక, "ఇప్పుడెట్లు దిద్దుదురు?" అని, లేచి తెల్లబోర్డు చూపిరి. ప్రతి రైతునకు ఒక సంఖ్య ఇచ్చెదమని వ్రాసితిమి. "మీ తండ్రిగారికి సంఖ్యలు జ్ఞాపకముండునా?" అనిరి. ఉండవు. కనుక పేరు కొట్టగానే ఆ పేరుగల వారందరును చేను గుర్తుతో కనబడవలెను. ఆయన వ్రేలు పెట్టి చూపవలెను. సంఖ్యను యంత్రము లోపల ఉంచుకొనవలెను. "సరే, ఇదివరకే కలిసిపోయిన బాకీలను ఏ ప్రోగ్రాముతో విడదీయుదురు?" అని మరల అడిగిరి. కొంత ఆలోచించి, "ఏ ప్రోగ్రామును విడదీయలేదండీ. పాత పుస్తకము చూచి మా తండ్రిగారే విడదీయవలెను" అంటిమి. అప్పుడు ఆమె మొదటిసారి తల పంకించిరి.

యువకుడు అందుకొనెను: "రెండు కంప్యూటర్లపై ఇద్దరు ఒకే రైతు బాకీని ఒకే క్షణమున దిద్దినచో?" మాకు తెలియదు. "ఈ సంగతి నేను చదువలేదండీ" అని చెప్పి, ఊరకొనక, "దుకాణములో పుస్తకము ఒక్కటియే. అది తండ్రిగారి చేతిలోనున్నంతసేపు సహాయకుడు వేచియుండును. యంత్రమునకును అట్టి ఏర్పాటు చేయవలెననుకొందును" అంటిమి. "దానినే మేము తాళము వేయుట అందుము. అది ఉన్న పద్ధతియే" అని అతడు చెప్పెను. జావాలో మూడువందల ప్రశ్నలకు జవాబులు కంఠస్థమైయుండగా, ఆనాడు గంటసేపు మమ్ము అడిగినదంతయు ఇద్దరు సుబ్బయ్యల సంగతియే.

మూడవ నాడు ఫోను వచ్చెను. నెలకు పండ్రెండువేల ఐదువందలు. మొదటి నెల జీతములో అయిదువేలు ఇంటికి పంపితిమి. మా తల్లిగారు చుట్టములకు చెప్పు జవాబు ఆనాటినుండి మారెనని వేరుగ చెప్పనక్కరలేదు. ఉద్యోగమున చేరిన తరువాత వచ్చిన మొదటి ఆదివారములలో ఆ ప్రోగ్రామును దిద్ది ఊరికి పంపితిమి. ఈసారి దానిని తండ్రిగారు మానలేదు. పుస్తకమును కూడ మానలేదు.

కరీంనగరు మిత్రుని సంగతి మిగిలినది. ఆ యేడు ఆగస్టులో అతని సంస్థ పూర్వోద్యోగముల విచారణ జరిపించెను. బెంగుళూరు చిరునామాలో ఆఫీసు లేదు. మూడు పంక్తుల ఉత్తరముతో అతనిని ఆ మధ్యాహ్నమే పంపివేసిరి. ఏడు నెలలలో అతడు అక్కడ చేసిన పని మంచిదని అతని పై అధికారియే చెప్పెనట, అయినను నిలుపలేకపోయెను. అతడు ఆరుమాసములు మాకు ఫోను చేయలేదు. 2012లో మరల క్రొత్తవానిగా, మా మొదటి జీతముకంటె తక్కువకు, మరియొకచోట చేరెను. అతనికి విద్య లేక కాదు. ఉన్న విద్యను చూపుటకు అవసరమైన నాలుగు నెలల ఓపికకు అతని ఇంటిలో వ్యవధి లేదు. ఇది అతని నేరము మాత్రమేనని మేము అనలేము. కాని దానివలన పోయిన రెండేండ్లు అతనివే. ఇప్పుడు ఆ దారి మరింత ఇరుకైనది. 2014 నుండి భవిష్యనిధి చందాదారునకు ఎన్ని ఉద్యోగములు మారినను ఒకే సంఖ్య ఉండు ఏర్పాటు వచ్చినది. ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేసినది అందులో కనబడును.

బల్లకు ఆవలి ప్రక్కన కూర్చుండువారిగా ఇప్పుడు రెండు మూడు మాటలు. పరిచయపత్రమున వ్రాసిన ప్రతి పంక్తిని మేము ప్రశ్నగా మార్చెదము. తెలియని పది భాషల పేర్లు వ్రాయుటకంటె, చేసిన ఒక్క పనిని వ్రాయుట మేలు. అది చిన్నదైనను, చెడిపోయినదైనను మంచిదే. చెడిపోయినదైనచో ఎందుకు చెడెనో చెప్పుటకు చాల ఉండును. ఆంగ్లము రాదని వెనుదీయుచున్న పిల్లలకు చెప్పునది: పొడుగు వాక్యములు మాకు అక్కరలేదు. ప్రశ్న అర్థము కానిచో మరల అడుగవచ్చును. అందుకు మార్కులు తగ్గింపము. బోర్డుమీద వ్రాయునపుడు నోటితో ఆలోచింపుడు. మౌనముగా తప్పు వ్రాసినవానికి మేము సాయపడలేము గాని, పైకి చెప్పుచు తప్పు వ్రాయుచున్నవానిని నడుమ ఆపి సరియైన దారికి తేగలము. ఇక ఉద్యోగమిప్పింతుమని ముందుగా సొమ్ము అడుగువారు ఎవరైనను, వారి గుమ్మము దిగి వచ్చివేయుడు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ప్రోగ్రాములను యంత్రమే వ్రాయుచున్నది కదా, ఇక మాకు పని యేదని పిల్లలు అడుగుచున్నారు. భయము నిరాధారము కాదు. మేము వల్లించిన ఆ మూడువందల జవాబులను యంత్రము ఇప్పుడు క్షణములో చెప్పును. కాని యంత్రము కూడ తెలియనిదానిని తెలిసినట్లే ధీమాగా చెప్పుచుండును. దాని వ్రాతను చదివి, జాబితా ఖాళీయైనచో ఏమగునని అడుగువాడు ఇప్పటికిని కావలెను. ఇద్దరు సుబ్బయ్యలున్నారని దానికి చెప్పవలసినవాడు, ఊరును ఎరిగినవాడే.

ఈ ప్రసంగమున తన సంగతి చెప్పవచ్చునా అని మిత్రుని అడిగితిమి. నేడు అతడును ఇంటర్వ్యూలు చేయుచున్నాడు. కొంతసేపు ఆలోచించి, "చెప్పు. పేరు చెప్పకు. ఇప్పుడు ఎస్.ఆర్. నగర్‌లో ఏ గదిలోనో మూడు మంచాలుంటాయి కదా, వాళ్ళు వింటారేమో" అనెను.

ఆ మూడు మంచములవారిలో ఎవరైనను ఈ రాత్రి రేడియో పెట్టియున్నచో, ఇది వారికొరకే.